ఊ కొట్టని మధ్యాహ్నం

టేపు రికార్డరంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

తొంభైల్లో మాట. నరసాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఇంట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి వసారాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు లేసు అల్లుకుంటూ కూర్చునేవారు. చేతులు సూది మీద, చెవులు అమ్మమ్మ మీద. ఆవిడ కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగిపోయేది. "ఏంటర్రా, నిద్రపోయారా?" అని కసిరేది.

అటకెక్కిన అత్తగారి కథంటే అందరికీ ఇష్టం. కోడలికి గంజి పోసి, నేతి గిన్నె అటక మీద దాచుకునే అత్త. ఓ రోజు ఆవిడ పైకెక్కగానే కోడలు నిచ్చెన తీసేస్తుంది. "నాకూ నెయ్యి వడ్డిస్తానంటేనే దిగుతారు అత్తయ్యగారూ" అంటుంది. ఒట్టు వేసేదాకా నిచ్చెన పెట్టదు. అక్కడికొచ్చేసరికి వసారా అంతా నవ్వులే. అలా నవ్వినవాళ్లలో ఇంటికెళ్లి గంజి తాగేవాళ్లూ ఉన్నారు.

నేను డిగ్రీ చదువుతున్న ఏడు, జానపద కథల పుస్తకం వేస్తానంటూ ఒక లెక్చరరు మావయ్యతో కలిసి వచ్చాడు. తన కథ అచ్చులో పడుతుందని అమ్మమ్మ పొద్దుటినించీ నాలుగిళ్లకు చెప్పి వచ్చింది. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ఆయన మీట నొక్కబోతూ మా అందరికీ ఓ హెచ్చరిక చేశాడు.

"ఎవరూ నోరు మెదపకండమ్మా. ఊ కొడితే అదంతా టేపులో పడి డిస్టర్బెన్సండి."

అమ్మమ్మ అటకెక్కిన అత్తగారి కథే మొదలుపెట్టింది. ఊ లేదు. ఆగింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. నా వంక చూసింది. నేను ఒక్క ఊ అంటే చాలు. ఆయన పెదవుల మీద వేలుంచుకుని నావైపే చూస్తున్నాడు. చదువుకున్నదాన్ని కదా, మర్యాదగా నోరు మూసుకున్నాను. ఆ మర్యాద తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మూడోసారి ఆగేసరికి, "పెద్దావిడ మర్చిపోయినట్టున్నారండి" అంటూ ఆయన టేపు మావయ్య వైపు తిప్పాడు. అమ్మమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ వసారాలో ఏనాడూ ఐదు నిమిషాలు కూర్చోని మావయ్య గొంతు సవరించుకుని కథంతా చెప్పేశాడు. ఆయనకి ఊతో పనే లేకపోయింది. మావయ్య కథలో కోడలు తనంతట తనే నిచ్చెన తెచ్చి పెట్టి, అత్త కాళ్ల మీద పడి క్షమించమంటుంది.

"బాగుందండి, నీతి ఉంది" అన్నాడు లెక్చరరు. నీతట!

ఏడాదికి పుస్తకం వచ్చింది. కథ కింద మావయ్య పేరు వేశారు. అమ్మమ్మకి చదువు రాదు. "ఏదీ, నా కథ చదవవే" అంటూ లేసు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. తప్పించుకోలేక చదివాను. ప్రతి వాక్యానికీ హుషారుగా ఊ కొట్టింది. కోడలు నిచ్చెన తీసినప్పుడు మరీ గట్టిగా కొట్టింది. తర్వాత కోడలు కాళ్ల మీద పడిందని చదివి, ఆగాను.

ఊ రాలేదు.