తోడికోడలి ట్యాంకు

ఆ కంపెనీలో ఆవిడని అందరూ గుడ్లక్క అనేవాళ్లు. అక్కడ ఫ్లూ టీకా కోడిగుడ్లలో తయారయ్యేది. గుడ్డును పొదిగించి, అందులోకి వైరస్ ఎక్కించి పెంచేవాళ్లు. ఎక్కించే ముందు లోపల పిండం బతికి ఉందో లేదో చూడాలి. ఆ చూడటమే ఆవిడ ఉద్యోగం. చీకటి గదిలో, కిందనుంచి లైటు పడే బల్ల ముందు కూర్చుని గుడ్డు మీద గుడ్డు చూసుకుంటూ పోయేది. ఎర్రటి నరాలు కనిపిస్తే ట్రేలోకి, మసక కనిపిస్తే బుట్టలోకి. పందొమ్మిదేళ్లు అదే పని. ఆవిడ తీసేసిన గుడ్డును మళ్లీ చూసే ధైర్యం ఎవరూ చేసేవాళ్లు కాదు.

ఇంట్లో మాత్రం ఆ వైభోగం లేదు. ఇంట్లో వెలుగంతా తోడికోడలిదే. ఆ చిన్నకోడలు ఇంకో కంపెనీలో హెపటైటిస్ టీకా చేసేది. వాళ్లకి గుడ్లూ గిడ్లూ అక్కర్లేదు. నిలువెత్తు స్టీలు ట్యాంకుల్లో ఈస్టును పెంచి చేస్తారు. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు, "మా చిన్నది మందులు కనిపెడుతుంది" అని మురిసిపోయేది. "మరి పెద్దావిడ?" అనడిగితే, "అదా, గుడ్లు చూస్తుంది" అని కాఫీ కప్పులు సర్దుకునేది.

పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కేది. పైకి నవ్వేది. తోడికోడలు కొత్త చీర కట్టుకుంటే, "బాగానే ఉంది కానీ, నిన్ను కాస్త లావుగా చూపిస్తోందే" అని ఆ కసి అక్కడ తీర్చుకునేది.

ఇలా ఉండగా ఆ రెండు కంపెనీలూ చేతులు కలిపాయి. గుడ్లతో పనిలేకుండా, ట్యాంకుల్లో కణాలు పెంచి ఫ్లూ టీకా చేసే పద్ధతి చిన్నకోడలి కంపెనీవాళ్లు నేర్పాలి. వాళ్ల హెపటైటిస్ టీకాను నలుమూలలా అమ్మిపెట్టే బాధ్యత వీళ్లది. అంతవరకూ బాగానే ఉంది. నేర్పడానికి వచ్చిన గుంపుకి ముందు నడిచి వచ్చింది ఎవరయ్యా అంటే, చిన్నకోడలు!

మొదటి రోజే, ట్యాంకుల గదిలోకి వెళ్లేముందు వేసుకునే గౌను తొడుక్కోవడం నేర్పింది. "అలా కాదక్కా. గ్లౌజు అంచు చర్మానికి తగలకూడదు. మళ్లీ మొదటినుంచి." పదిమందిలో నాలుగుసార్లు విప్పించి తొడిగించింది. వంటింట్లో తనని అడిగి పోపు పెట్టే పిల్ల! ఆ వారమంతా పెద్దకోడలికి ముద్ద సహించలేదు.

రెండో వారంలో పెద్ద ట్యాంకులో కణాలు పోసే రోజు వచ్చింది. రెండు కంపెనీల పెద్దలూ వచ్చి అద్దానికి అవతల నిలబడ్డారు. గులాబీ రంగు ద్రవంలో కణాలు ఉన్న సీసాలు వరసగా ఉన్నాయి. పొద్దున్నే పరీక్షించి, బాగున్నాయని చిన్నకోడలు సంతకం కూడా పెట్టేసింది. వాటిని బల్లమీదికి అందించే పని పెద్దకోడలిది. మూడో సీసా చేతికి రాగానే అలవాటు కొద్దీ లైటుకి ఎత్తి పట్టింది. అడుగున సన్నటి మసక, అద్దం మీద ఊపిరి వదిలినంత.

చిన్నకోడలు రెండడుగుల దూరంలోనే ఉంది. "ఇదిగో, చూడు" అంటే సరిపోయేది. కానీ పెద్దకోడలు సీసా పట్టుకుని నేరుగా అద్దం దగ్గరికి వెళ్లి, అవతల ఉన్న పెద్దసారుకి వినపడేలా మైకు బటన్ నొక్కింది. "సార్, ఇది చెడిపోయింది. ఎవరు చూసి సంతకం పెట్టారో మరి."

మైక్రోస్కోపు కింద పెడితే నిజమే, బ్యాక్టీరియా పట్టింది. పోయడం ఆపేశారు. పెద్దసారు గుడ్లక్కని తెగ మెచ్చుకున్నాడు. చిన్నకోడలికి సంతకం పెట్టే అధికారం మూడు నెలలు తీసేశారు.

సాయంత్రం వంటింట్లో కూరలు తరుగుతూ చిన్నకోడలే మొదలుపెట్టింది.

"అక్కా, నేను పక్కనే ఉన్నాను కదా. నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు."

"మరి?"

పెద్దకోడలు పొయ్యి తగ్గించింది. "నీ మొహం మాడిపోతుంటే చూడాలనిపించింది."

చిన్నకోడలు కత్తి కింద పెట్టింది. "చూశావుగా. చల్లారిందా?"

"బస్సెక్కేదాకా చల్లగానే ఉంది. తర్వాత నీ మొహమే కళ్లముందు ఆడుతోంది. తప్పు చేశానే."

చిన్నకోడలు సగం తరిగిన కూరలు అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. పదిరోజులు మాట్లాడలేదు.

పదకొండో రోజు ఆ పిల్ల మసక గుర్తుపట్టడం నేర్పమని వచ్చి నిలబడింది. పెద్దకోడలు సంతోషంగానే నేర్పింది. తనకి ఏడాది పట్టిన చూపు ఆ పిల్లకి వారంలో పట్టుబడింది. మళ్లీ గుండెల్లో కలుక్కుమంది.

మరుసటి ఏడాది గుడ్ల గది మూసేసి, పెద్దకోడలిని సీసాల తనిఖీకి పెద్దని చేశారు. అదే నెలలో, హెపటైటిస్ ముదిరినవాళ్లకి మందు చేసే కొత్త ఉమ్మడి విభాగానికి చిన్నకోడలిని అధిపతిని చేశారు. ఆ పిల్ల బస్సులో పక్క సీటులో కూర్చుని ఆ సంగతి చెప్పింది.

పెద్దకోడలు కిటికీలోంచి చూస్తూ, "నాకు కడుపు మండిపోతోందే" అంది.

"తెలుసక్కా," అంది చిన్నకోడలు, "అందుకే ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు నీకే చెప్పాను."