కంపైలర్ లేని ల్యాబ్

బందరు డిగ్రీ కాలేజీలో సి లాంగ్వేజ్ చెప్పే రాజకుమారికి ప్రోగ్రాం రాయడం కన్నా అందులో తప్పు పట్టుకోవడమే ఇష్టం. డీబగ్గర్‌లో ఒక్కో లైనూ నడిపిస్తూ, లెక్క ఎక్కడ చెడిందో పిల్లల చేతే చెప్పించేది. ఒక్క తప్పూ రాలేదని ఎవరైనా అంటే నమ్మేది కాదు.

1998 వేసవిలో ఆమెకు నాగాయలంక వైపు ఒక ప్రైవేటు కాలేజీలో ప్రాక్టికల్స్‌కి ఎగ్జామినర్‌గా డ్యూటీ పడింది. ప్రిన్సిపాల్ నరసింహారావు బస్టాండుకే కారు పంపాడు. ల్యాబ్‌లో కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఒకటి తీస్తే కీబోర్డు సందుల్లో ఎలుక పెంటికలు. ఆమె గుడ్డ మళ్లీ కప్పేసింది.

మొదట వచ్చిన రామలక్ష్మి అనే అమ్మాయి, కంపైలర్ అంటే ఏమిటో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డీబగ్గర్ ఉపయోగాలూ వరసగా అప్పజెప్పింది. ప్రోగ్రాం నడిపి చూపించమంటే మాత్రం తల దించుకుంది.

"టైపు చేసేదాకానేనండీ మాకు. జవాబు సార్ బోర్డు మీద రాస్తారు, మేం రికార్డులోకి ఎక్కించుకుంటాం."

రాజకుమారి తనే కూర్చుని వెతికింది. ఏ మెషీన్‌లోనూ కంపైలర్ లేదు. అది లేకపోతే టైపు చేసిన ప్రోగ్రాం నడవదు. పిల్లలు ఏవేవో నొక్కి పాడుచేస్తారని తీయించేశామన్నాడు నరసింహారావు, అదేదో జాగ్రత్త అయినట్టు. కోర్సు పెట్టినప్పటినుంచీ అక్కడ ఒక్క ప్రోగ్రామూ నడిచింది లేదు. ప్రాక్టికల్స్‌లో తప్పినవాళ్లూ లేరు.

మధ్యాహ్నం అరిటాకు వేసి రొయ్యల వేపుడు వడ్డించారు. ఆకు పక్కనే మార్కుల షీటు పెట్టారు. మీకు శ్రమ ఎందుకని అన్నీ మేమే వేసేశాం, సంతకం ఒక్కటే మిగిలిందన్నాడు ప్రిన్సిపాల్. ఆమెకు ముద్ద నోట పెట్టబుద్ధి కాలేదు. ఆకు మడిచి లేచింది.

సంచిలో ఎప్పుడూ ఉండే ఫ్లాపీలతో ఒక మెషీన్‌లోకి కంపైలర్ ఎక్కించి రామలక్ష్మిని పిలిచింది. ప్రోగ్రాం నడవలేదు. తెర మీద తప్పు పడగానే ఆ పిల్ల కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"మార్కులు పోతాయాండీ?"

"తప్పు చూపించడానికేనమ్మా అదుంది. ఏ లైనంటోందో చదువు."

లైను చివర సెమికోలన్ పెట్టడం మర్చిపోయింది. అది పెట్టాక ఇంకో తప్పు. అదీ దిద్దుకున్నాక జవాబు తెర మీదికి వచ్చింది. మిగతా పిల్లలు బల్ల చుట్టూ మూగారు. వాళ్ల లెక్చరర్ మాత్రం వరండాలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. మంచి బుర్రల్ని ఇన్నాళ్లూ ఇలా మూతపెట్టి ఉంచారు కదా అని రాజకుమారికి ఒళ్లు మండింది.

షీటు మీద సంతకం చెయ్యలేదు. కాలేజీ మెషీన్లలో కంపైలర్ లేనందున పరీక్ష జరగలేదని రాసిచ్చి, కారు వద్దని, అవనిగడ్డ బస్సెక్కింది.

కొద్దిరోజులకే వేరే ఎగ్జామినర్ వెళ్లి అందరినీ పాస్ చేసి వచ్చాడు. పిల్లల జీవితాలతో ఆటలెందుకండీ అని ఆమెనే తప్పుపట్టాడు బందరు కాలేజీలో హెడ్డు.

"ఆడింది నేను కాదండీ," అంది రాజకుమారి.

ఆ తర్వాత ఆమెను ఎగ్జామినర్‌గా ఎవరూ పిలవలేదు. పిలిచినా వెళ్లేది కాదు. ఆ ల్యాబ్‌లో పుట్టిన అసహ్యం ఆమెకు చివరిదాకా పోలేదు.