అన్నోజిగూడ దగ్గర కాసేపు

బండ్లు బాగుచేసే మల్లాపూర్ మేస్త్రి మామ పోయారని ఆయన పక్క షాపతను ఫోన్ చేసినప్పుడు నేను బోరు దగ్గర ట్యాంకరు నింపుతున్నాను. పైపు పక్కకు జారి నీళ్లు కాళ్ల మీద పడుతున్నా చాలాసేపు తెలియలేదు. మధ్యాహ్నం అన్నం తిని ఒరిగారట. మళ్లీ లేవలేదట.

"బిడ్డ రావాలె, రేపు పొద్దుగాల తీస్కపోతరు. ఇంట్ల మోటరు కాలిపోయింది అక్కా, సుక్క నీళ్లు లేవు. ఏడు గంటలకల్లా మామకు స్నానం వొయ్యాలె. నువ్వే తేవాలె" అన్నాడు. తెస్తానన్నాను.

నేను నాచారంలో ట్రాక్టరు ట్యాంకరుతో ఇళ్లకు నీళ్లు పోస్తాను. బండి మా ఆయనది. నడుము దెబ్బతిని ఆయన స్టీరింగు వదిలేశాక నేనెక్కాను. అది వయసులో నాకంటే కాస్త చిన్నది, అంతే. ఎండాకాలం బుద్ధిగా ఉంటుంది. చలి మొదలైతే మొండికేస్తుంది. అపార్ట్‌మెంట్ల వాళ్లకు వేళకు నీళ్లు పడకపోతే ఇంకో ట్యాంకరును పిలుచుకుంటారు. ఆడమనిషి నడిపే బండి అని వాళ్లకు ముందే అనుమానం.

మొదటి చలికాలం బండి స్టార్టు కావడానికి బోరు దగ్గరి డ్రైవర్లు నాకో ఉపాయం చెప్పారు. గుడ్డను డీజిల్లో ముంచి, అంటించి, ఇంజను గాలి పీల్చే గొట్టం దగ్గర పట్టుకోవాలి. వారం రోజులు అలాగే చేశాను. ఒక కనుబొమ్మ కాలింది కూడా. ఎనిమిదో రోజు దానికీ బండి లేవకపోతే మేస్త్రి మామను పిలిచాను. చంకలో పానాల సంచితో పొగమంచులోంచి నడిచొచ్చారు. ముందు నా కనుబొమ్మ చూశారు, తర్వాత మసి పట్టిన గొట్టం చూశారు.

"ఏంది బిడ్డా గీ కథ? ఇంజన్‌కు దిష్టి దీస్తున్నవా?"

లోపల నొక్కుకుపోయి వేడెక్కిన గాలికే డీజిల్ అంటుకుంటుందని, చలికి ఆ వేడి చాలనప్పుడు గ్లో ప్లగ్గులు ఎర్రబడి సాయం చేస్తాయని ఆయన చెబితేనే తెలిసింది. మా దగ్గర వాటిని హీటర్ ప్లగ్గులంటారు. మా బండికి మూడున్నాయి. బ్యాటరీ నుంచి బల్బు వైరు లాగి ఒక్కొక్కదానికీ తాకిస్తే, రెండింటి దగ్గర బల్బు వెలగలేదు.

"సచ్చిపోయినయి. పాపం, ఒక్కటే మోస్తున్నది" అన్నారు.

నేను పానా పట్టి ఒక్క ఊపున తిప్పబోతే చెయ్యి పట్టుకున్నారు. "గుంజకు. మసితోని కరుసుకొని ఉంటది. లోపల్నే ఇరిగితే ఇంజన్ విప్పాలె." చుక్క నూనె వేసి, కాసేపు ఊరుకుని, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తిప్పారు. పసిపిల్ల తలలో చిక్కు తీస్తున్నంత నిదానం. కొత్తవి మొదట వేళ్లతోనే బిగించారు, చివరి పట్టుకు మాత్రమే పానా వాడారు. పాతవి గుడ్డతో తుడిచి డబ్బాలో వేసుకున్నారు. ఎందుకు మామా అంటే, "పని జేసినయి గదా, పారేస్తమా?" అన్నారు.

తర్వాత నన్ను సీట్లో కూర్చోబెట్టి, తాళం సగం తిప్పి పట్టుకోమన్నారు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. "ఘట్‌కేసర్... అన్నోజిగూడ..." అక్కడ ఆగిపోయారు. చాలాసేపు మాట లేదు. నిల్చునే నిద్రపోయారేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా "జోడిమెట్ల... నారపల్లి... మేడిపల్లి... బోడుప్పల్..." అని, "ఉప్పల్. ఇగ తిప్పు" అన్నారు. బండి ఒక్క దగ్గు దగ్గి లేచింది.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్లో ఏదో షెడ్డుకు రోజూ పొద్దున్నే బస్సులో వచ్చేవారట. ప్లగ్గులు కాగడానికి అప్పట్నుంచీ అదే లెక్క.

"మరి అన్నోజిగూడల ఎందుకాగినవ్ మామా?"

"ఆగాలె బిడ్డా. గాడ ఆగకుంటే బండి లేవది."

ఆ తర్వాత నేనూ పొద్దున్నే అలాగే స్టాపులు చదివేదాన్ని. కానీ నాకు ఓపిక తక్కువ. రెండు మూడుసార్లు అన్నోజిగూడలో ఆగకుండా పోయి చూశాను. నిజంగానే లేవలేదు.

ఒకసారి ఎవరో నా ముందే ఆయన్ను అడిగారు, బండిని ఎవరైనా మగ డ్రైవరుకు అప్పగిస్తే మంచిది కదా అని. మామ తలెత్తకుండానే, "బండికి ఆమె చెయ్యి అలవాటైంది. ఇప్పుడు ఇంకొకల మాట ఇనది" అన్నారు. నేను డ్రైవరునని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మర్నాడు తెల్లారేసరికి వీధంతా మంచు. ముందురోజు నింపిన ట్యాంకరు వెనకే ఉంది. వెళ్లీ వెళ్లగానే తాళం తిప్పాను. లేవలేదు. మళ్లీ తిప్పాను. బ్యాటరీ గొంతు తగ్గుతోంది, ఇంకొక్కసారికి మించి రాదు. మామ చివరి స్నానం నీళ్లు నా వెనకే ఉన్నాయి, నేను కదిలించలేకపోతున్నాను. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాను. ఏడుపు ఆగాక, కళ్లు తెరవకుండానే తాళం సగం తిప్పి, ఘట్‌కేసర్ అన్నాను. అన్నోజిగూడ అన్నాను. ఆగాను. బానెట్ మీద ఎవరో చెయ్యి ఆనించి నిల్చున్నట్టే ఉంది. ఉప్పల్ వచ్చాక తిప్పాను.

లేచింది. ఏడుకు ముందే మల్లాపూర్ చేరాను.

అన్నీ అయ్యాక, గడపలో కూర్చున్న అత్తమ్మ, మామ భార్య, నన్ను పక్కకు పిలిచింది. "గింత సలిల బండెట్ల లేసింది బిడ్డా?"

"మామ లెక్కనే అత్తమ్మా. స్టాపులు సదివిన."

"అన్నోజిగూడల ఆగినవా?"

"ఆగిన."

ఆమె ఖాళీ ట్యాంకరు వైపు చూసింది. "నేను గాడనే ఎక్కేదాన్ని. ఉప్పల్ల కంపెనీకి పోయేదాన్ని. రోజు ఆలస్యమే నాది. నేనొచ్చిందాక బస్సును కదలనియ్యకపోయేటోడు. గప్పటికి నా పేరు గూడ తెల్వది ఆయనకు."

చలి ఇంకా తగ్గలేదు. రోజూ పొద్దున తాళం సగం తిప్పి కళ్లు మూసుకుంటాను. మంచులో బస్సు అన్నోజిగూడకు వచ్చి ఆగుతుంది. మెట్టు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు పెట్టి ఎవరో కుర్రాడు కండక్టరును బతిమాలుతుంటాడు. దూరంగా టిఫిన్ డబ్బా పట్టుకుని ఒకమ్మాయి పరుగెత్తుకొస్తుంటుంది. ఆమె ఎక్కేదాకా నేను తాళం తిప్పను.