బసవయ్యగారి మీటల రహస్యం

సూర్యారావుపేట సందులో స్తోత్రగ్రంథాలూ పంచాంగాలూ అచ్చువేసే ఒక చిన్న ముద్రణాలయంలో బసవయ్యగారికి రెండు బాధ్యతలు: పుటలు కూర్చడం, తప్పులు దిద్దడం. మొదటిది జీతానికి, రెండవది మోక్షానికి. ముప్పై ఎనిమిదేళ్ల కిందట సీసపు అక్షరాలను చేత్తో పేర్చడంతో ఆయన ఉద్యోగం మొదలైంది. ఆ అక్షరాల పెట్టెలో ప్రతి వర్ణానికీ ఒక గడి. 'క' గడిలో 'గ' కనిపించిన నాడు ఆయనకు అన్నం సహించేది కాదు. కంప్యూటరు వచ్చాక ఆ నియమం మంటగలిసింది. తెర మీద కిటికీలు సంతర్పణ ముగిశాక పారేసిన విస్తళ్లలా ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. కావలసిన పుట ఏ విస్తరి కింద ఉందో వెతకడంలోనే ఆయనకు పూర్వాహ్ణం గడిచిపోయేది.

నాలుగేళ్ల కిందట ఆ యంత్రం మొరాయిస్తే, గవర్నరుపేటలో కంప్యూటర్లు బాగుచేసే సోహైల్ వచ్చి దానిలో లినక్సు ఎక్కించాడు. దానితోపాటు టైలింగ్ విండో మేనేజర్ అనే సాఫ్ట్‌వేరు ఒకటి చూపించాడు.

"ఇందులో కిటికీ మీద కిటికీ ఎక్కదండీ. ఒకటి తెరిస్తే తెరంతా దానిదే. రెండోది తెరిస్తే చెరిసగం. మూడోది వస్తే ఆ సగంలో సగం. చోటు చాలకపోతే పక్క గదిలా ఇంకో తెర ఉంటుంది, కిటికీని అక్కడికి పంపొచ్చు. మౌసుతో పని లేదు, అంతా మీటలే."

"ఎంతవుతుంది నాయనా?"

"ఉచితమేనండీ. రాసినవాళ్లే అందరికీ వదిలేశారు. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు."

చివరి మాట బసవయ్యగారి చెవికి ఎక్కలేదు. తన సీసపు పెట్టె పునర్జన్మమెత్తి వచ్చిందన్న ఆనందంలో ఆయన కళ్లు చెమర్చాయి. ఆ రోజే మౌసు తీగ చుట్టి వినాయకుడి పటం ముందు పెట్టి, "స్వామీ, మీ వాహనం మీకే" అని నమస్కరించారు. అన్ని ఆజ్ఞలకూ మూలమైన మీట మీద కుంకుమ బొట్టు పెట్టారు. ఏ మీటకు ఏ పని అన్నది తనకు నచ్చినట్లు ఒక ఫైలులో నిర్ణయించుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ తెర మీద ఒక బొమ్మ లేదు, ఒక పేరు లేదు. సృష్టికి పూర్వపు చీకటి వంటి నలుపు. ఆ చీకటిలో ఆయన పది వేళ్లూ కదిపితే పుటలు పుట్టేవి, పెరిగేవి, లయించేవి.

యజమాని వెంకటసుబ్బారావుగారు ఒకనాడు ఆ కుర్చీలో కూర్చుని, అరగంట కుస్తీపట్టి, చెమట తుడుచుకుంటూ లేచారు. "బసవయ్యా, నువ్వు లేకపోతే ఈ ప్రెస్సు మూసుకోవాలయ్యా!"

ఆ మాటను బసవయ్యగారు బిరుదుగా స్వీకరించారు. చుట్టుపక్కల మూడు ముద్రణాలయాలలో తన ఈడువారిని అప్పటికే ఇంటికి పంపించేశారు. తనను పంపలేరు. మీటల సంగతి ఎవరైనా అడిగితే, "అది చెబితే వచ్చేది కాదు నాయనా, సాధన కావాలి" అని చిరునవ్వు నవ్వేవారు.

ఈ కార్తికంలో తొలి సోమవారం కృష్ణాస్నానానికి వెళ్లి దుర్గాఘాట్ మెట్ల మీద జారి ఆయన కుడి మణికట్టు విరిగింది. పౌర్ణమికి పంచవలసిన సహస్రనామ పుస్తకం ఆఖరి ఫారం, అంటే చివరి పదహారు పుటలు, ఇంకా ఆ యంత్రంలోనే ఉంది. మరునాటి ఉదయం ఆయన ఆసుపత్రి మంచం మీద ఉండగా యజమాని కుమార్తె రుచిత ఫోను చేసింది.

"నొప్పి ఎలా ఉందండీ బసవయ్యగారూ? ఆఖరి ఫారం పన్నెండింటిలోగా ప్లేట్లు తీయించడానికి గుణదల పంపాలి. తెర నల్లగా ఉంది. ఏం నొక్కమంటారు?"

ఆ ప్రశ్న ఆయన నొప్పికి చందనం పూసినట్లయింది. "బొట్టు మీట పట్టుకో తల్లీ. పట్టుకుని..."

పట్టుకుని ఏమిటి? రోజుకు వెయ్యిసార్లు నొక్కిన మీట పేరు నోటికి రాలేదు. ఘనాపాఠిని వేదపనస నడుమ ఆపి తరువాతి పదమేదంటే మళ్లీ మొదటి నుంచి అందుకోవలసిందే. అలాగే ఈ విద్య ఆయన వేళ్లకు తెలుసుగాని ఆయనకు తెలియదు. పళ్లెం ముందుకు లాక్కుని ఎడమచేత్తో వాయించి చూశారు. పాఠం సగం దాకా వచ్చి ఆగింది. తక్కిన సగం సిమెంటు కట్టులో ఉంది.

"ఉప్మా మీద ఆ మృదంగం ఏంటండీ?" అంది భార్య రావమ్మ.

"మాట్లాడకే! నా చూపుడువేలు ఎక్కడ పడిందో చూడు."

"జీడిపప్పు మీద."

ఫోనులో రుచిత గొంతు కంగారుపడింది. "ఎంటర్ నొక్కానండీ. కిటికీ వచ్చింది. మళ్లీ నొక్కితే ఇంకోటి. పదహారయ్యాయి. ఒక్కోటీ అగ్గిపెట్టంత ఉంది!"

"నొక్కకు తల్లీ, ఇక దేన్నీ తాకకు!"

వెనుక నుంచి యజమాని కేక వినిపించింది. "ఆ దిక్కుమాలినదాన్ని పీకించి మామూలుది పెట్టించమ్మా! మౌసు వినాయకుడి దగ్గరుంది!"

"ఉండండి నాన్నా, ముందు సోహైల్‌ని పిలుద్దాం." ఫోను తెగింది.

బసవయ్యగారు చలించలేదు. ఇక తన కోసం ఆటో పంపడమే వారికి మిగిలిన దారి. రావమ్మ చేత విభూతి పెట్టించుకుని, కండువా సవరించుకుని, ఆవాహనానికి సిద్ధమైన దేవత వలె మంచం అంచున కూర్చున్నారు. పన్నెండయింది. ఒంటిగంట దాటింది.

"పడుకోండి. ఏ దేవుణ్నీ ఎవరూ పిలవట్లేదు" అంది రావమ్మ.

ఆరవ నాడు, మెడకు వేలాడే కట్టుతో, ఆయనే ఆటో మాట్లాడుకుని వెళ్లారు. అచ్చయిన పుస్తకాలు గుమ్మం పక్కన కట్టలుగా ఉన్నాయి. ఆయన కుర్చీలో శౌరయ్య ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా పుస్తకాలు కుట్టడమే తప్ప కంప్యూటరు ముట్టని శౌరయ్య కిటికీలను అటూ ఇటూ జరుపుతున్నాడు.

"రండి గురువుగారూ! ఎంత తేలికండీ ఇది! ఇన్నాళ్లూ మీరేదో తపస్సు చేస్తున్నారనుకున్నాం."

గోడకు ఒక అట్ట అంటించి ఉంది. దాని మీద ముప్పై ఒక్క వరుసలు.

"సోహైల్ మీ ఫైలు తెరిచి చూపించాడండీ" అంది రుచిత. "ప్రతి మీట పక్కనా తెలుగులో అర్థం మీరే రాసిపెట్టారుగా. చూసి ఎత్తిరాశానంతే."

నిజమే. వ్యాఖ్య లేని గ్రంథాన్ని ఆయన ఏనాడూ సహించలేదు. తన రహస్యానికి టీకా తాత్పర్యాలు తానే సమకూర్చుకున్నారు.

"ఇక తొందరేం లేదు బసవయ్యా" అన్నారు యజమాని, భుజం తట్టి. "నింపాదిగా కోలుకో. పని వీళ్లు చూసుకుంటున్నారు."

ఆ మూడు ముద్రణాలయాలలోనూ ఇంటికి పంపేముందు ఇంత మృదువుగానే మాట్లాడారని బసవయ్యగారు విన్నారు.

"ఒక్కటే చిక్కండీ" అన్నాడు శౌరయ్య. "రోజుకు రెండుసార్లు కిటికీ ఉన్నట్టుండి మాయమవుతోంది, చేసిన పనితో సహా. ఎందుకో తెలియట్లా."

"అందుకైనా మీరు వచ్చిపోతూ ఉండాలండీ" అంది రుచిత.

బసవయ్యగారు అట్ట వైపు చూశారు. నోటికి రాని మీటలు రాతలో చూడగానే గుర్తుకొచ్చాయి. పద్దెనిమిదవ వరుస: 'కిటికీని పక్క గదికి పంపుటకు'. దాని ఎదుట రాసినది మాత్రం 'అడుగకయే మూయుటకు' ఆయన నియమించిన మీట. ఫైలులో ఆ రెండూ ఒకదాని కింద ఒకటి. ఎత్తిరాసేటప్పుడు పిల్ల కన్ను ఒక వరుస జారింది.

ఊరుకుంటే చాలు. రోజుకు రెండుసార్లు ఈ గదిలో హాహాకారం పుడుతుంది. రెండుసార్లు ఆటో వస్తుంది. తాను చేయవలసినదల్లా ఏమీ చేయకపోవడం. ఆయన సెలవు పుచ్చుకుని గుమ్మం దాకా నడిచారు. ఒక చెప్పు తొడుక్కున్నారు. రెండవ చెప్పులో కాలు దూరలేదు. గోడ మీద తప్పు ఉంది. దానిని పదిమంది చూస్తున్నారు.

తొడిగిన చెప్పు విడిచి వెనక్కి వచ్చారు. జేబులోని ఎర్రకలాన్ని ఎడమచేత్తో తీసి, పద్దెనిమిదవ వరుసలోని మీటను కొట్టివేసి, సరైనది రాసి, అంచున 'చూచితిని' అని చేర్చారు. అక్షరాలు ఓనమాలు దిద్దే పిల్లవాడి పలక మీదివిలా వచ్చాయి.

శౌరయ్య నొక్కి చూశాడు. కిటికీ బుద్ధిగా పక్క గదికి వెళ్లింది, మళ్లీ పిలిస్తే తిరిగి వచ్చింది. "పోయిందండీ చిక్కు!"

"ఇంకేం బసవయ్యా, ఇక నీకు వచ్చే శ్రమ కూడా లేదు" అన్నారు వెంకటసుబ్బారావుగారు.

బసవయ్యగారు ఒక ముక్కాలిపీట లాక్కుని అట్టకు ఎదురుగా కూర్చున్నారు.

"రెండో ప్రూఫు చూడకుండా ఎలా వెళతానండీ? అమ్మా రుచితా, మొదటి వరుస నుంచి చదువు."