జపాను గుర్రం, మా పాప బరువు

"ఈ నెల కూడా పాప బరువు పెరగలేదు. జబ్బేమీ లేదని డాక్టరు అంటాడు. నాకు మాత్రం భయంగానే ఉంది."

ఆసుపత్రి నుంచి టాంగాలో తిరిగి వస్తూ నేను మా ఆవిడతో అన్న ఈ మాటలు టాంగా తోలే తుకారాం విన్నాడు. బోధన్ దగ్గర చెరకు బండ్లు తోలి, తర్వాత నిజామాబాద్ స్టేషన్ దగ్గర టాంగా పెట్టుకున్న మనిషి. గుర్రం కొనేటప్పుడు దాన్ని ఉరికించి, ఆపి, ముందు శనగలు పెట్టేవాడు. అది మొహం తిప్పుకుంటే ఎంత అందమైన గుర్రాన్నైనా వదిలేసేవాడు.

టాంగా స్టేషన్ దగ్గర ఆగగానే ఇంకో టాంగావాడు లింబయ్య పత్రికలోని బొమ్మ చూపించాడు. "గీ జపాను గుర్రం ఒక్క పందెం ఓడలేదట, తుకారామన్నా! దునియాల గింత మంచిది లేదు."

"ఎవలతోని ఉరికింది? గక్కడి గుర్రాలతోనే గద."

"అయితే నీ గుర్రం చాందినిని పంపు!"

"చాందిని బజారు దాక ఉరికితే సాలు." అందరూ నవ్వారు. "ఉరికినంక శనగల దాన ఎట్ల తింటదో సూడకుంట, బొమ్మ సూసి నేనేం చెప్త?"

తర్వాత నా వైపు తిరిగాడు. "సారూ, పాపను ఎవల పిల్లలతోని తూస్తున్నరు?"

"ఇంగ్లీషు పుస్తకంలోని పట్టికతో. అక్కడి పిల్లల బరువులు."

"గా పిల్లలు గాడ, మన పాప గీడ. ఆడినంక బువ్వకు ఏడుస్తదా?"

"గట్టిగా ఏడుస్తుంది."

"గదే సూడుండ్రి. ఊకె త్రాసుల పెట్టకుండ్రి."

భయం పూర్తిగా పోలేదు. అయినా ఇంట్లో పాపను తూచే త్రాసు అటక మీద పెట్టేశాను. పాప ఆడి అలసిపోగానే గిన్నెలో అన్నం కలిపి ముందు పెట్టి చూస్తున్నాను.