వానపాములకు కుడితి

మా జనగామ ఇంట్లో, వంటింటి వెనుక వరండాలో, నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాలో నేను వానపాములను పెంచుతాను. ఘనపూర్‌లో ఒక రైతును బతిమాలి తెచ్చుకున్న ఎర్ర వానపాములవి. తెచ్చిన రోజే మా ఆయన షరతు పెట్టాడు.

"ఒక్క పురుగు ఇంట్లకొచ్చినా సరే, డబ్బా మొత్తం చెత్తబండ్ల ఏస్త. మల్ల నన్ను అనొద్దు."

పురుగు అన్నందుకే నాకు ఒళ్ళు మండింది. మొక్కలకు వర్మీకంపోస్టు సంచులు కొనితెచ్చేటప్పుడు ఆయనకు ఈ అసహ్యం లేదు మరి!

అందుకని వాటిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని సాకాను. కూరగాయల తొక్కలు, వాడేసిన టీ పొడి, మెత్తగా నలిపిన గుడ్డు పెంకులు మాత్రమే. ఉప్పు, కారం, నూనె, వండిన తిండి ఏదీ తగలకూడదు. లోపల చెమ్మ ఉండాలి గానీ నీళ్లు నిలవకూడదు. పైన చింపిన అట్టముక్కలు కప్పాలి. మా పిల్లలను కూడా ఇంత పథ్యంగా పెంచలేదని ఒప్పుకుంటున్నాను.

ఆ వానాకాలంలో మా అత్తమ్మ టేకుమట్ల నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పొలం కౌలుకిచ్చేశాం, ఒక్కతే అక్కడెందుకని. డబ్బా మూత ఎత్తి చూసి మొహం చిట్లించింది.

"థూ! గీటిని పెంచుడేంది బిడ్డా? కోళ్లకేస్తే కడుపునిండ తింటయి."

కానీ వారం తిరక్కుండానే రోజూ పొద్దున ఆవిడే వెళ్లి మూత ఎత్తి చూడటం మొదలుపెట్టింది. అలవాటు పడిందిలే అని నేను సంబరపడ్డాను.

అంతలో డబ్బా వాసన కొట్టసాగింది. లోపల చిత్తడి. అట్టముక్కలు ఎన్ని వేసినా మర్నాటికి నానిపోయేవి. వాన జల్లు పడుతోందేమోనని డబ్బాను గోడ వైపు జరిపాను, లాభం లేదు. వానపాములు తొక్కల జోలికి పోకుండా మూత అంచుకు పాకుతుంటే నాకు గుండెల్లో రాయి పడింది. మా ఆయన కంటపడితే వాటి పని అయిపోయినట్టే.

ఒక ఆదివారం పొద్దున వంటింట్లోంచి మా ఆయన కేక వినిపించింది.

"వామ్మో! నా కాలు!"

పొలంలో నాగుపామును కట్టెతో కొట్టానని ఇప్పటికీ కథలు చెప్పే మనిషి, స్టూలెక్కి నిలబడ్డాడు. నేలమీద ఇరవై ముప్పై వానపాములు. ఉన్నవన్నీ ఇల్లు ఖాళీ చేసి వచ్చేసినట్టున్నాయి. ఆయన దిగి, విసురుగా వెళ్లి డబ్బా ఎత్తాడు. నేను వాకిలికి అడ్డం నిలబడ్డాను. డబ్బా వంగేసరికి అందులోంచి పులిసిన నీళ్లు, అన్నం మెతుకులు కారాయి.

"నువ్వే పోసినవ్! వీటిని చంపనీకి నువ్వే పోసినవ్!" అని అరిచాను.

"నాకేం పని? గీ డబ్బా దిక్కు చూడబుద్ధి గాదు నాకు!"

"నేనే పోసిన" అంది అత్తమ్మ, వెనకనుంచి. "బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన బువ్వ. జరంత ఉప్పు గూడ ఏసిన. ఉప్పు లేకుంటే ఏ జీవం తింటది? ఒట్టి తొక్కలేసి మాడ్పుతుంటే పానం ఒప్పలే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదిరోజులుగా నా వానపాములు ఉప్పు కుడితి తాగుతున్నాయన్నమాట!

"అవ్వా, అవి బర్రెలు గాదే!" అన్నాడు మా ఆయన వాళ్లమ్మతో.

"నాకెరుక లేదా? బర్రెను నువ్వు అమ్మితివి గద. బేరగాడు తోలుకపోయినంక ఫోన్ల చెప్పినవు. అప్పటికే నేను కుడితి కలుపుకొని కొట్టంల నిలబడ్డ." ఆవిడ డబ్బా వైపు చెయ్యి చూపింది. "గిప్పుడు వీటిని గూడ ఎల్లగొట్టు. గిదన్న నా ముంగట చెయ్యి."

నాకు ఆ సంగతి తెలియదు. నా మీద నాకే కోపం వచ్చింది, ఆయన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

మా ఆయన డబ్బాను మెల్లగా కింద పెట్టాడు. నేను ఖాళీ బకెట్లో పొడి అట్టలు, కొత్త మట్టి వేసి తెచ్చాను. అత్తమ్మ నేలమీద కూర్చుని వానపాములను ఒక్కొక్కటే ఏరి అందులో వేయసాగింది. ఆయన వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తప్పయిందే అవ్వా. నిన్ను అడగాల్సుండె" అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు.

"మాటలు తర్వాత. ఎండిపోతున్నయి, చెయ్యి పెట్టు."