పాత గడ్డానికి దిష్టిచుక్క

బళ్లో అందరిచేతా "పారగడ్డం" అనిపించుకున్న నా కింది దవడకు ఆపరేషన్ చేసిన ఆర్నెల్లకు, గుంటూరు డాక్టరు స్కానింగులు చూసి మిషన్ మీద రెండు తెల్లటి ప్లాస్టిక్ తలలు చేయించాడు. ఒకటి ఆపరేషన్‌కి ముందు నేను, రెండోది తర్వాతి నేను.

"ఇంట్లో చూపించి మళ్లీ తీసుకురామ్మా. పక్కపక్కన పెట్టి ఎముక ఎంత జరిగిందో, నిలిచిందో లేదో కొలవాలి" అన్నాడు.

నరసరావుపేట బస్సులో రెండు తలలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కసీటావిడ హడలిపోయి వెనక్కి వెళ్లిపోయింది. నాకు నవ్వాగలేదు. పైపళ్లూ కిందిపళ్లూ కలిసిన కొత్తలో ఏం చూసినా నవ్వే వచ్చేది.

వారం తిరక్కుండా నాయనమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. డాక్టరు మా సంచిలోంచి తలలు తీసి బల్ల మీద పెట్టాడు. పాత తల గడ్డం మీద కాటుకతో ఇంత దిష్టిచుక్క! పగలబడి నవ్వాను. డాక్టరూ నవ్వాడు గానీ, తన పనితనానికి చుక్క దక్కలేదని కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

"బాగున్నది కొత్తది కదమ్మా, పాతదానికి పెట్టారేంటి?"

"కొత్తది చానా బాగుందిలేవయ్యా, కాదన్లా" అంటూ నాయనమ్మ పాత తలను ఒళ్లోకి తీసుకుంది. "ఇది మా ఆయన గడ్డం. ఆయన పోయాక ఆయన్ని ఈ పిల్ల మొహంలోనే చూసుకున్నా. కొలుచుకుంటే కొలుచుకో, మళ్లీ నాకిచ్చెయ్."